చేజారిన పాసుల లెక్క: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో అమెరికన్ ఫుట్‌బాల్‌ను పరిచయం చేస్తూ రాసిన వ్యాసానికి తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. పిల్లలు అమెరికాలో చదువులకో ఉద్యోగాలకో వెళ్లిన ఇళ్లలో ఈ ఆట మాట తరచుగా వస్తున్నట్టు వాటిని చదివితే తెలుస్తుంది. ఆ ఉత్తరాలలో సగానికి పైగా ఒకే విషయాన్ని అడిగాయి. విసిరిన బంతిని అందుకోవలసిన రిసీవర్ ఎన్నిసార్లు చేజార్చుకున్నాడో చూసి, ఇద్దరు రిసీవర్లలో ఎవరు మేలో తేల్చవచ్చా అన్నదే ఆ ప్రశ్న. అందుచేత ఈ నెల శీర్షికను పూర్తిగా దానికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: నేను ఉన్నత పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. వయసులో ఉన్నప్పుడు తారకరామ స్టేడియంలో కళాశాలల క్రికెట్ పోటీలకు స్కోరరుగా కూర్చునేవాణ్ణి. మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. ఆదివారం రాత్రి మనకు పదకొండు దాటాక వాళ్లకు మధ్యాహ్నపు ఆట మొదలవుతుంది. వాడు ఫోనును టీవీ ముందు పెట్టి నాకూ చూపిస్తాడు. మొన్న ఒక రిసీవర్‌ను తిడుతూ, "ఈ సీజన్‌లో వీడు పది వదిలేశాడు నాన్నా, అవతలి జట్టువాడు నాలుగే వదిలాడు, ఇంక పోలికేముంది" అన్నాడు. స్కోరు పుస్తకం పట్టినవాణ్ణి కాబట్టి నాకు ఆ మాట మింగుడు పడలేదు. ఆ పది, ఆ నాలుగు ఎవరు రాస్తారు? వాటితో ఇద్దరిని పోల్చడం న్యాయమేనా? (తిరుపతి, కొర్లగుంట నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీ సందేహం సరైనదే. మీ అబ్బాయి భిన్నంలో లవాన్ని మాత్రమే చెప్పి హారాన్ని వదిలేశారు. ఆ లవాన్ని ఎవరు లెక్కపెట్టారో కూడా చెప్పలేదు. ఈ రెండూ తెలియకుండా పదికీ నాలుగుకీ పోలిక పెట్టకూడదు.

ముందు ఆ అంకెలు రాసేది ఎవరో చూద్దాం. మన క్రికెట్ స్కోరు పుస్తకంలో పట్టిన క్యాచ్‌కు చోటుంది, వదిలేసిన క్యాచ్‌కు లేదు. రాహుల్ ద్రావిడ్ 164 టెస్టుల్లో 210 క్యాచ్‌లు పట్టారని ఎవరైనా చూసి చెప్పగలరు. ఆ 164 టెస్టుల్లో ఆయన చేతుల్లోంచి ఎన్ని జారాయో అధికారిక స్కోరు కార్డుల్లో ఎక్కడా ఉండదు. మీరు స్టేడియంలో కూర్చుని రాసిన పుస్తకాల్లో కూడా ఉండి ఉండదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లోనూ ఇదే పరిస్థితి. అక్కడి వృత్తి క్రీడాసంఘమైన ఎన్‌ఎఫ్‌ఎల్ ఒక్కొక్క ఆటకు ప్రకటించే అధికారిక లెక్కల్లో అందుకున్న పాసులు, సాధించిన గజాలు (బంతిని ముందుకు చేర్చిన దూరం), టచ్‌డౌన్‌లు (బంతిని ఎదుటి జట్టు కొసకు చేర్చడం) ఉంటాయి. 'డ్రాప్' అనే గడి ఉండదు. టీవీలోనూ పత్రికల్లోనూ కనిపించే డ్రాపుల లెక్కలన్నీ ప్రో ఫుట్‌బాల్ ఫోకస్ వంటి ప్రైవేటు విశ్లేషణ సంస్థలవారు ప్రతి బంతినీ వీడియోలో చూసి వేసుకున్నవే.

చూసి వేసేవాడి తీర్పు అందులో తప్పకుండా ఉంటుంది. మామూలు ప్రయత్నంతో అందుకోగలిగి ఉండవలసిన బంతిని అందుకోకపోతే అది డ్రాప్ అన్నది అందరూ స్థూలంగా ఒప్పుకునే నిర్వచనం. చిక్కంతా ఆ 'మామూలు ప్రయత్నం' అన్న మాట దగ్గరే వస్తుంది. రిసీవర్ పూర్తి వేగంతో పరుగెత్తుతూ గాలిలోకి ఎగిరి ఒక చేయి చాచాడు, బంతి వేళ్ల చివరలకు తగిలి కింద పడింది అనుకోండి. ఒక లెక్కరి "వేళ్లకు తగిలింది కాబట్టి పట్టవలసిందే" అని డ్రాప్ వేస్తాడు. ఇంకొకరు "అంత దూరం చేయి చాచడమే గొప్ప" అని వదిలేస్తారు. అందువల్ల ఒకే ఆటగాడికి ఒకే సీజన్‌లో రెండు సంస్థలు రెండు అంకెలు ఇవ్వడం మామూలే. మీ అబ్బాయి చెప్పిన పది ఒక సంస్థ లెక్క, నాలుగు మరొక సంస్థ లెక్క అయితే ఆ పోలికను అక్కడే ఆపేయవచ్చు. రెండు అంకెలూ ఒకే పుస్తకంలోంచి వచ్చాయో లేదో ముందు అడగండి.

ఇప్పుడు హారం సంగతి చూద్దాం. క్వార్టర్‌బ్యాక్, అంటే పాసులు విసిరే ఆటగాడు, ఒక రిసీవర్‌ను ఉద్దేశించి విసిరిన ప్రతి పాసునూ 'టార్గెట్' అంటారు. అతని తల మీదుగా పది అడుగుల ఎత్తున పోయినా, పాదాల ముందు నేలకు తగిలినా అది టార్గెట్టే. కొందరు డ్రాపులను మొత్తం టార్గెట్లతో భాగిస్తారు. మరికొందరు, ప్రో ఫుట్‌బాల్ ఫోకస్‌వారి లాగా, అందుకోదగిన బంతులతో, అంటే అందుకున్నవీ చేజారినవీ కలిపిన మొత్తంతో భాగిస్తారు. రెండూ చూడడానికి శాతాలే కాబట్టి తేడా ఏముందిలే అనిపిస్తుంది. లెక్కల మాష్టారు గనుక ఒక ఊహాజనిత ఉదాహరణ మీ ముందు పెడతాను.

మొదటి రిసీవర్‌కు 150 టార్గెట్లు వచ్చాయి, 75 అందుకున్నాడు, 6 చేజార్చాడు. రెండోవాడికి 120 టార్గెట్లు వచ్చాయి, 90 అందుకున్నాడు, అతనూ 6 చేజార్చాడు. టార్గెట్లతో భాగిస్తే మొదటివాడికి 4 శాతం, రెండోవాడికి 5 శాతం వస్తుంది, మొదటివాడే నమ్మకస్థుడు అనిపిస్తాడు. అందుకోదగిన బంతులతో భాగిస్తే మొదటివాడికి 81లో 6, అంటే సుమారు 7.4 శాతం, రెండోవాడికి 96లో 6, అంటే 6.25 శాతం వస్తుంది. వరుస తారుమారైంది. మొదటివాడి క్వార్టర్‌బ్యాక్ గురి బాగాలేక 69 బంతులను చేతికందని చోట్లకు విసిరాడు, ఆ చెడ్డ బంతులన్నీ హారంలో చేరి రిసీవర్ శాతాన్ని పలుచన చేశాయి. వేరొకడి గురి తప్పడం వల్ల ఇతనికి మంచిపేరు రావడం ఎంత అన్యాయమో చూడండి. అందుకే నా వరకు నేను రెండో పద్ధతినే నమ్ముతాను. 'అందుకోదగిన' అన్నచోట మళ్లీ ఒక మనిషి తీర్పు దూరుతుందని తెలిసే నమ్ముతాను.

ఇంకొక మెట్టు ఎక్కాలి. అన్ని బంతులూ ఒకటి కావు. ఆ ఆటలో బంతి దాదాపు 28 సెంటీమీటర్ల పొడవుండి రెండు కొసలా మొనదేలి ఉంటుంది, బరువు సుమారు 400 గ్రాములు, అంటే మన క్రికెట్ బంతికి రెండున్నర రెట్లు. అయిదు గజాల దూరంలో, ఎదురుగా నిలబడి, చుట్టూ ఎవరూ లేనప్పుడు దాన్ని అందుకోవడం ఒక పని. నలభై గజాలు పరుగెత్తి, వెనక నుంచి భుజం మీదుగా దిగివచ్చే బంతిని, పక్కనే ఒక డిఫెండర్ చేయి అడ్డుపెడుతుండగా అందుకోవడం మరొక పని. ఒక జట్టులో పొట్టి పాసులకే వాడే రిసీవర్ ఉంటాడు, దూరపు పాసులకే పంపే రిసీవర్ ఉంటాడు. వాళ్లిద్దరి డ్రాపుల శాతాలను పక్కపక్కన పెట్టడం, మిడాన్‌లో నిలబడ్డవాడినీ షార్ట్ లెగ్‌లో నిలబడ్డవాడినీ వదిలేసిన క్యాచ్‌లను బట్టి పోల్చడం లాంటిది. ఏక్‌నాథ్ సోల్కర్ 27 టెస్టుల్లో 53 క్యాచ్‌లు పట్టారు, అందులో ఎక్కువ భాగం బ్యాట్స్‌మన్‌కు అడుగుల దూరంలో నిలబడి పట్టినవే. అక్కడ నిలబడ్డవాడి చేతికి తగిలి కిందపడే బంతులు కూడా ఎక్కువే ఉంటాయి. బౌండరీ దగ్గర నిలబడితే అవి అతని చేతికి తగిలేవే కావు, లెక్కలోకి వచ్చేవే కావు.

ఈ చివరి మాటను మీ అబ్బాయితో ప్రత్యేకంగా చెప్పండి. డిఫెండర్‌ను తప్పించుకుని ఖాళీ చోటికి ఎక్కువసార్లు చేరగలిగినవాడికే బంతులు ఎక్కువ వస్తాయి. బంతులు ఎక్కువ వచ్చినవాడే ఎక్కువ వదులుతాడు. టెరెల్ ఓవెన్స్ అనే పేరున్న రిసీవర్ చేతులు జారుడువని ఆయన ఆడినన్నాళ్లూ పేరుండేది. 1999 జనవరి 3న శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు గ్రీన్‌బే జట్టుతో ఆడిన పోటీలో ఆయన పాసులు పదేపదే చేజార్చారు, ఒకసారి బంతి పోగొట్టుకున్నారు కూడా. అయినా ఆట ఇంకొన్ని సెకన్లలో ముగుస్తుందనగా క్వార్టర్‌బ్యాక్ స్టీవ్ యంగ్ ఆయనకే 25 గజాల పాసు విసిరారు. ఇద్దరు డిఫెండర్ల మధ్య దాన్ని పట్టుకున్న ఓవెన్స్ జట్టును 30–27తో గెలిపించారు. ఆయన మొత్తం వృత్తి జీవితంలో 1,078 పాసులు అందుకుని 15,934 గజాలు సాధించారు. డ్రాపుల పట్టిక ఒక్కటే చూసి జట్టును ఎంపిక చేసేవారెవరైనా ఆయనను బయట కూర్చోబెట్టేవారు.

కాబట్టి పది, నాలుగు అన్నప్పుడు మీరు మూడు సంగతులు అడగండి: ఎవరు లెక్కపెట్టారు, అందుకోదగినవి ఎన్నింటిలో, అవి ఎంత దూరపు బంతులు. ఈ మూడింటికీ జవాబు వచ్చాక కూడా తేడా మిగిలితే అప్పుడు మీ అబ్బాయి మాటకు బలం ఉన్నట్టే.

ప్రశ్న: నేను చిత్తూరులో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. కళాశాలలో గణాంకాల ప్రాజెక్టుకు ఈ డ్రాపుల అంశాన్నే తీసుకున్నాను. ఒక రిసీవర్ నిరుడు అందుకోదగిన వంద బంతుల్లో తొమ్మిది వదిలాడు, ఈ ఏడు వందలో నాలుగే వదిలాడు. అతని చేతులు మెరుగుపడ్డాయని నిర్ధారణగా రాయవచ్చా, సర్? మా గైడ్ ఒప్పుకోవడం లేదు. (చిత్తూరు, గిరింపేట నుంచి ఒక విద్యార్థిని)

జవాబు: మీ గైడ్ గారే సరి. తొమ్మిది నుంచి నాలుగుకు దిగడం సగానికి పైగా తగ్గడమే కాబట్టి కంటికి పెద్ద మార్పుగా కనిపిస్తుంది. అయితే వంద అన్నది ఈ పనికి చాలా చిన్న సంఖ్య.

ఒక రిసీవర్ అసలు సామర్థ్యం ప్రకారం వందకు ఆరు వదులుతాడని, ఆ సామర్థ్యం ఏ మాత్రం మారదని అనుకోండి. అయినా ప్రతి సీజన్‌లోనూ సరిగ్గా ఆరే వదలడు. మీ పాఠ్యపుస్తకంలోని ద్విపద విభాజనాన్ని దీనికి వర్తింపజేస్తే సగటు 6, ప్రామాణిక విచలనం సుమారు 2.4 వస్తుంది. అంటే పది సీజన్లలో ఏడింట అతని అంకె నాలుగుకూ ఎనిమిదికీ మధ్య ఉంటుంది, మిగిలిన మూడింట అంతకంటే కిందికో పైకో పోతుంది. మీరు చెప్పిన ఉదాహరణలో రెండేళ్లూ కలిపి 200కు 13, అంటే 6.5 శాతం. అతని చేతులు రెండేళ్లూ ఒకేలా ఉన్నా, రెండు సీజన్ల మధ్య అయిదు గాని అంతకు మించి గాని తేడా రావడానికి ఉన్న అవకాశం దాదాపు అయిదింట ఒకటి. అయిదింట ఒకసారి ఊరికే జరిగేదాన్ని చూసి మెరుగుపడ్డాడని ప్రాజెక్టులో రాస్తే, దాన్ని దిద్దేవారు ఎర్ర సిరాతో కొట్టివేయడం న్యాయమే.

మీ ఊళ్లో మామిడి మండీ ఉంది గనుక అక్కడ ఒక ఉదయం నిలబడి చూడండి. లారీ నిండా తోతాపురి వస్తే అనుభవం ఉన్న వ్యాపారి పైన కనిపించే ఒక్క గంపను చూసి ధర చెప్పడు, పైన కొన్ని, మధ్యలో కొన్ని, అడుగున కొన్ని తీయించి కోసి చూస్తాడు. మీరు కూడా ఒక్క సీజన్‌తో ఆగకుండా నాలుగు సీజన్లు కలపండి. అందుకోదగిన బంతులు 400 అయితే, ఆరు శాతం సామర్థ్యానికి ప్రామాణిక విచలనం 1.2 శాతానికి తగ్గుతుంది. అప్పుడు 4 శాతం వాడినీ 9 శాతం వాడినీ వేరు చేసి చెప్పడానికి మీకు అధికారం వస్తుంది. 5 శాతం వాడినీ 6 శాతం వాడినీ వేరు చేయడానికి అప్పటికీ రాదు.

నాలుగేళ్లు కలిపితే మరొక ఇబ్బంది ఎదురవుతుందని కూడా ప్రాజెక్టులో రాయండి. ఈ నాలుగేళ్లలో రిసీవర్ జట్టు మారి ఉండవచ్చు, క్వార్టర్‌బ్యాక్ మారి ఉండవచ్చు, చేతికి గాయమై ఉండవచ్చు. సంఖ్య పెరిగేకొద్దీ అదృష్టం పాలు తగ్గుతుంది, పరిస్థితులు ఒకేలా ఉన్నాయన్న నమ్మకమూ తగ్గుతుంది. ఈ రెంటి మధ్య మీరు ఎక్కడ ఆగారో, ఎందుకు ఆగారో రెండు వాక్యాల్లో చెబితే ఆ ప్రాజెక్టుకు విలువ పెరుగుతుంది.

ప్రశ్న: పెద్ద పోటీలో ఒక్క బంతి వదిలినవాడు, చిన్న పోటీల్లో పది వదిలినవాడి కంటే దోషి కాదా? అన్ని డ్రాపులనూ ఒకటిగా లెక్కపెట్టడం నాకు నచ్చడం లేదు. (చంద్రగిరి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: జట్టుకు జరిగిన నష్టాన్ని కొలవాలంటే అన్నీ ఒకటి కావు. ఆటగాడి చేతులను కొలవాలంటే ఒకటే. ఈ రెండు కొలతలూ కలిసిపోవడం వల్ల కొందరికి తీరని అన్యాయం జరిగింది.

1979 జనవరి 21న మయామీలో జరిగిన పదమూడో సూపర్ బౌల్‌లో (ఎన్‌ఎఫ్‌ఎల్ సీజన్ విజేతను తేల్చే ఆఖరి పోటీ ఇది) డల్లాస్ జట్టు పిట్స్‌బర్గ్ కంటే ఏడు పాయింట్లు వెనకబడి ఉంది. మూడో పావు ఆటలో, పది గజాల దూరం నుంచి డల్లాస్ క్వార్టర్‌బ్యాక్ రోజర్ స్టౌబాక్ ఎండ్ జోన్‌లోకి, అంటే బంతిని అందుకుంటే టచ్‌డౌన్ అయ్యే మైదానపు కొస భాగంలోకి, పాసు విసిరారు. అక్కడ ఆయన జట్టువాడే అయిన జాకీ స్మిత్ చుట్టూ ఎవరూ లేకుండా నిలబడి ఉన్నారు. బంతి కొంచెం మెల్లగా, కొంచెం కిందుగా వచ్చింది. దానికోసం ఆయన వంగబోతే కాలు జారింది, బంతి ఒంటికి తగిలి కింద పడింది. టచ్‌డౌన్‌తో, దాని వెంట తన్నే అదనపు పాయింటుతో కలిపి రావలసిన ఏడు పాయింట్లకు బదులు, బంతిని గోల్ కంబాల మధ్యకు తన్నే ఫీల్డ్ గోల్‌తో మూడే వచ్చాయి, తేడా నాలుగు. ఆట 35–31తో ముగిసింది, అక్కడా తేడా నాలుగే. ఈ రెండు నాలుగులూ సరిపోవడంతో ఓటమి మొత్తం ఆయన నెత్తిన పడింది. ఆ తర్వాత రెండు జట్లూ చెరి రెండు టచ్‌డౌన్‌లు చేశాయన్న సంగతి ఎవరికీ పట్టలేదు. తన పాసులోనూ లోపముందని స్టౌబాక్ స్వయంగా ఒప్పుకున్నారు. స్మిత్ 16 సీజన్లు ఆడి 480 పాసులు అందుకున్నారు, 1994లో ఆయనకు ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. అయినా ఆయన పేరెత్తగానే జనం ముందుగా గుర్తు చేసుకునేది ఆ ఒక్క బంతినే. నన్నడిగితే ఇది క్రూరం.

2012 ఫిబ్రవరి 5న ఇండియానాపొలిస్‌లో జరిగిన సూపర్ బౌల్ మరింత చిక్కైన ఉదాహరణ. న్యూ ఇంగ్లండ్ జట్టు 17–15తో ముందుంది, నాలుగు నిమిషాల ఆట మిగిలింది. ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రాడీ విసిరిన పాసు రిసీవర్ వెస్ వెల్కర్‌కు ఎత్తుగా, పరుగు దిశకు కొంచెం వెనకగా వచ్చింది. ఆయన గాలిలోనే ఒళ్లు తిప్పి రెండు చేతులూ వేశారు, బంతి చేతులకు తగిలి జారిపోయింది. తర్వాత న్యూయార్క్ జెయింట్స్ టచ్‌డౌన్ చేసి 21–17తో గెలిచింది. ఆ సీజన్‌లో లీగ్ మొత్తంలో అందరికంటే ఎక్కువగా 122 పాసులు అందుకున్నవాడు వెల్కరే. ఆయన తప్పంతా తనదేనన్నారు. రెండు చేతులూ తగిలాయి కాబట్టి డ్రాప్ అనేవారున్నారు. మంచి పాసు అయి ఉంటే ఒళ్లు తిప్పవలసిన అవసరమే ఉండేది కాదని బ్రాడీని తప్పుపట్టేవారూ ఉన్నారు. నా అభిప్రాయంలో అది అందుకోదగిన బంతే, కాని తప్పు ఇద్దరికీ పంచవలసినది. డ్రాపుల పట్టికలో పంచడానికి వీలుండదు, ఒకటి వేయాలి, లేకపోతే సున్నా వేయాలి.

మీ ఉద్దేశంలో ఉన్న న్యాయం కోసం కొందరు విశ్లేషకులు ప్రతి పాసుకు ముందూ తర్వాతా జట్టు గెలిచే అవకాశం ఎంత మారిందో లెక్కించి చూపిస్తున్నారు. నష్టాన్ని కొలవడానికి అది పనికివస్తుంది. ఏ రిసీవర్ చేతులు గట్టివో చెప్పడానికి మాత్రం ఊరూపేరూ లేని పోటీలో మధ్యాహ్నం వదిలిన బంతి కూడా సూపర్ బౌల్‌లో వదిలినదానితో సమానమైన సాక్ష్యమే.

ప్రశ్న: అందరిలోకీ తక్కువ వదిలినవాడు ఎవరు? (పీలేరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: చరిత్ర మొత్తానికి ఒక్క పేరు చెప్పడం కుదరదు, ఎందుకంటే పాతకాలపు ఆటలను నేటి పద్ధతిలో ఎవరూ బంతి బంతికీ లెక్కపెట్టలేదు. పైగా కాలం మారినకొద్దీ చేతులకు తోడుగా వచ్చినవీ మారాయి. ఒకప్పుడు జిగురు పదార్థం చేతులకు పూసుకుని ఆడేవారు, 1981లో దాన్ని నిషేధించారు. ఇప్పుడు అరచేతి భాగం బంతికి అతుక్కునేలా తయారుచేసిన చేతితొడుగులు వాడుతున్నారు. మన కాలంలో నమ్మకమైన చేతులకు లారీ ఫిట్జ్‌జెరాల్డ్ పేరు చెబుతారు. అరిజోనా జట్టుకు 2004 నుంచి 2020 దాకా 17 సీజన్లు ఆడి 1,432 పాసులు అందుకున్న ఈయన, రిసీవర్ అయి ఉండి కూడా, వదిలిన పాసుల కంటే ఎదుటివారిని పడగొట్టిన ట్యాకిళ్లే ఎక్కువని అక్కడి పత్రికలు లెక్కవేసి రాశాయి.

ప్రశ్న: నేను కరకంబాడి రోడ్డులో బేల్దారి పని చేయిస్తుంటాను. జెర్రీ రైస్ అనే గొప్ప ఆటగాడు చిన్నప్పుడు ఇటుకలు అందుకుని చేతులు సాధన చేశాడని మా పిల్లవాడు చెప్పాడు. నిజమేనా అయ్యా? నిజమైతే మా పనివాళ్లు రోజుకు వేల ఇటుకలు పట్టుకుంటారు, వాళ్లకు జారేది చాలా తక్కువ. ఇటుకకూ బంతికీ పోలిక ఉందా? (తిరుపతి నుంచి ఒక మేస్త్రీ)

జవాబు: నిజమే. జెర్రీ రైస్ మిసిసిపీ రాష్ట్రంలో క్రాఫర్డ్ అనే చిన్న ఊరిలో పెరిగారు, తండ్రి ఇటుకల మేస్త్రీ. వేసవుల్లో తండ్రికి సాయం చేస్తూ అన్నదమ్ములు కింద నుంచి విసిరిన ఇటుకలను పైన నిలబడి అందుకునేవారు. తర్వాతి రోజుల్లో 20 సీజన్లు ఆడి 1,549 పాసులు అందుకున్నారు, 22,895 గజాలు సాధించారు. ఈ రెండు రికార్డులనూ ఎవరూ దాటలేదు.

ఇటుకకూ బంతికీ ఉన్న పోలిక మీకు నాకంటే బాగా తెలుసు. మీ ఉత్తరం అందాక మా వీధిలో కడుతున్న ఇంటి ముందు కొంతసేపు నిలబడి చూశాను. కింది మనిషి జంటగా రెండు ఇటుకలు విసిరితే, మొదటి అంతస్తు అంచున ఉన్న మనిషి వాటికి ఎదురుగా చేతులు చాచి, తగిలిన క్షణంలో ఆ చేతులను తన వైపు, కొంచెం కిందికి వెనక్కి తీసుకుంటున్నాడు. ఇటుక వేగాన్ని చేతులు తమలోకి తీసుకుంటున్నట్టు ఉంది. చేతులు బిగబట్టి ఉంటే ఇటుక తగిలి ఎగిరిపోతుంది, వేళ్లు కూడా నలుగుతాయి. ఇంకొకటి గమనించాను. ఇటుకలు రెండు అరచేతుల మధ్య స్థిరపడేదాకా అతని చూపు వాటిని వదలడం లేదు. పక్కకు తిరిగి పేర్చడం ఆ తర్వాతే.

రిసీవర్లకు శిక్షకులు నేర్పేది కూడా ఇదే. రొమ్ము కంటే ఎత్తుగా వచ్చే బంతికి రెండు బొటనవేళ్లూ దగ్గరగా, నడుము కంటే కిందుగా వచ్చే బంతికి రెండు చిటికెనవేళ్లూ దగ్గరగా ఉంచమంటారు. బంతిని ఒంటితో కాకుండా చేతులతో పట్టమంటారు, ఎందుకంటే భుజాల మీద వేసుకున్న గట్టి కవచానికి తగిలితే అది ఎగిరిపోతుంది. డ్రాపులలో చాలా వాటికి కారణం మాత్రం చూపే. బంతి ఇంకా చేతికి చేరకముందే, తనను పడగొట్టడానికి ఎవరు వస్తున్నారో, ఎటు పరుగెత్తాలో చూడడానికి రిసీవర్ తల తిప్పుతాడు. ఆ రెప్పపాటులో బంతి జారిపోతుంది. 1999 ప్రపంచ కప్‌లో హెడింగ్లీలో స్టీవ్ వా 56 మీద ఉన్నప్పుడు హర్షెల్ గిబ్స్ క్యాచ్ చేతిలోకి తీసుకుని, ఆనందంతో పైకి విసరబోతూ జార్చుకోవడం చాలామంది పాఠకులకు గుర్తుండే ఉంటుంది. వా 120తో నాటౌట్‌గా నిలిచారు. మొదటి పని ముగియకుండా రెండో పని మొదలుపెట్టడం అంటే అదే.

ఒక తేడా కూడా చెప్పాలి. మీ మనిషికి ఇటుక ప్రతిసారీ ఒకే చోటి నుంచి, ఒకే ఎత్తుకు, తెలిసిన చేతుల్లోంచి వస్తుంది, దాన్ని అడ్డుకోవడానికి పక్కన ఎవరూ ఉండరు. రిసీవర్‌కు ఈ వెసులుబాటు లేదు. రైస్‌కు కూడా ఇటుకల సాధన ఒక్కటే సరిపోలేదు. 1985లో శాన్‌ఫ్రాన్సిస్కో జట్టులో చేరిన మొదటి సీజన్‌లో ఆయన పాసులు ఎన్నోసార్లు చేజార్చారు, సొంత జట్టు అభిమానులే స్టేడియంలో ఎగతాళిగా అరిచారు. ఆ ఏడాది ఆయన అందుకున్నవి 49. మరుసటి ఏడాది 86 అందుకుని, 1,570 గజాలతో లీగ్‌లో అందరికంటే ముందు నిలిచారు.